జాబుల రేవు

గోదావరి పాయల నడుమ పుట్టి పెరిగినవారికి రేవు సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. ఒకవైపు గౌతమి, ఒకవైపు వసిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణమున సముద్రము. ఏ ఊరికి పోవలయునన్నను ఒకప్పుడు కోనసీమవాసికి పడవయే శరణ్యము. రేవుపాట పాడుకొన్నవాడు పడవ నడపును. జనము వాని పడవ నెక్కుదురు. పడవ మంచిదని విచారించి ఎక్కువారు తక్కువ. తోడివారందరును ఆ రేవుననే దాటుచున్నారని ఎక్కువారే ఎక్కువ. ఒకనాడు ఎగువనో దిగువనో వంతెన పడును. మరునాటినుండి రేవు చిన్నబోవును. పడవవాని నేర్పు తగ్గి కాదు, దారి మారినందువలన.

ఈమెయిలు చరిత్రయు ఇట్టిదే. గడచిన ముప్పది సంవత్సరములలో మనవారు హాట్‌మెయిలు రేవున కొన్నాళ్లు, యాహూ రేవున కొన్నాళ్లు, రెడిఫ్ రేవున కొన్నాళ్లు నిలిచి, తుదకు జీమెయిలు వంతెనమీద గుంపుగ నడచుచున్నారు. ఏ సంస్థ మెయిలును ఎందరు వాడుచున్నారను లెక్క వర్తకులకు కావలసినదే గాని మనకేల యని కొందరు పాఠకమహాశయులు అడుగవచ్చును. మనకు కావలసినదే యని మా మనవి. పాస్‌పోర్టు దరఖాస్తు, ఆదాయపు పన్ను నోటీసు, బ్యాంకు లెక్క, విమానపు టిక్కెట్టు, కువైటునందున్న ఆడపడుచు వీసా కాగితము, ఇవన్నియు నేడు ఆ పెట్టెలోనికే వచ్చుచున్నవి. ఆ పెట్టె ఎవరిది, తాళపుచెవి ఎవరియొద్ద నున్నది యను ప్రశ్న ఇంటింటి ప్రశ్న యైనది.

మొదటినుండి చూతము. ఒక కంప్యూటరునుండి వేరొక కంప్యూటరునకు జాబు పంపు పద్ధతిని 1971లో అమెరికాలో రే టామ్లిన్సన్ అను ఇంజనీరు కల్పించెను. వాడుకరి పేరునకును యంత్రము పేరునకును నడుమ నేటికిని మనము వ్రాయు ‘ఎట్’ గుర్తును ఎన్నుకొన్నవాడు నాతడే. మన దేశమున 1986లో ఆరంభమైన ఎర్నెట్ మూలమున ఈ సౌకర్యము పెద్ద విద్యాసంస్థలకు అందెను. సామాన్య పౌరులకు ఇంటర్నెట్టు ద్వారము తెరచినది విదేశ్ సంచార్ నిగమ్. 1995 ఆగస్టు 15, స్వాతంత్ర్య దినమున. అదియు పెద్ద నగరములకే. మన లంకలకు అప్పటికి ఆ పేరు కూడ తెలియదు.

మరుసటి సంవత్సరము, అనగా 1996 జూలై 4న, అమెరికా స్వాతంత్ర్య దినమున హాట్‌మెయిలు వెలువడెను. దాని స్థాపకులు జాక్ స్మిత్, సబీర్ భాటియా. భాటియా చండీగఢమున జన్మించి బెంగుళూరున పెరిగినవాడు. అంతవరకు ఈమెయిలు కావలయునన్న ఇంటర్నెట్టు ఇచ్చు సంస్థకు సొమ్ము కట్టి, ఆ సంస్థ ఇచ్చిన పేరునే వాడవలసి యుండెను. సంస్థను విడిచిన పేరును పోవుచుండెను. హాట్‌మెయిలు వచ్చిన పిదప ఏ ఊరిలోనైన, ఎవరి యంత్రము ముందైన కూర్చుండి తన జాబును తాను చూచుకొనవచ్చును, రుసుము లేదు. సొంత కంప్యూటరు లేని దేశములకు ఇది వరమైనది. పైగా హాట్‌మెయిలునుండి వెడలు ప్రతి జాబు అడుగునను “మీరును ఉచితముగ పెట్టె తీసికొనుడు” అను భావముగల వాక్యమొకటి చేరుచుండెను. ప్రతి జాబును తానే యొక దండోరా యైనది. పత్రికలలో ప్రకటనలు లేకయే పదునెనిమిది నెలలలోపల ఎనుబది లక్షలకు మించినవారు అందు చేరిరి. 1997 డిసెంబరులో మైక్రోసాఫ్టు దానిని సుమారు 40 కోట్ల డాలర్లకు కొనెను.

ఆ 1996వ సంవత్సరమే కోనసీమకు మరపురాని మరియొక కారణము గలది. నవంబరు 6వ తేదీన వచ్చిన తుపాను వేయిమందికి పైగా పొట్టన బెట్టుకొనెను. కొబ్బరితోటలు నేలమట్టమయ్యెను, తంతి స్తంభములు కూలెను. గల్ఫు దేశములలో నున్నవారికి తమ వారు బ్రతికియున్నారో లేదో తెలియుటకు రోజులు గడచెను. ప్రపంచమున ఒకమూల జాబు క్షణములో చేరు సాధనము పుట్టుచుండగా, మన తీరమున టపా పడవకొరకు ఎదురుచూచు కాలము ఇంకను పోలేదు. రాజోలు, మలికిపురము, సఖినేటిపల్లి ప్రాంతములనుండి కువైటు, దుబాయి, మస్కటులకు పనికి పోయిన స్త్రీలు ఇంటికి వ్రాసిన జాబు చేరుటకు వారములు పట్టుచుండెను. కొందరు వ్రాయనేరక తమ మాటలను టేపులలో నింపి ఊరికి వచ్చువారిచేత పంపుచుండిరి. ఆ తల్లులకు కావలసినది గిగాబైట్లు కావు. తమ మాట ఇంటికి చేరుట.

2000 ప్రాంతమున అమలాపురము, రాజోలు, కొత్తపేటలలో నెట్ సెంటర్లు వెలసెను. చెక్క అరలు, గంటకింత యను రుసుము, ఎంసెట్ ఫలితముల నాటి సందడి, ఇవి నేటి నడివయస్కులకు జ్ఞాపకమే. ఆ సెంటర్లలో కంప్యూటరు తెరచిన వెంటనే పలుచోట్ల కనబడునది యాహూ ముఖపత్రము. యాహూ 1997 అక్టోబరులో రాకెట్‌మెయిలు సంస్థను కొని మెయిలు ఆరంభించెను. దానితోపాటు మెసెంజరు వచ్చెను. ఒకే పేరుతో జాబు వ్రాయవచ్చును, ముచ్చటించవచ్చును. అమెరికాలోని అల్లునితో మాటలాడుటకు టెలిఫోనునకు నిమిషమునకు పదులకొలది రూపాయలు చెల్లింపలేని మామగారు, మనుమనిని వెంటబెట్టుకొని సెంటరునకు పోవుచుండెను. అందువలననే హాట్‌మెయిలు రేవు వెలవెలబోయి యాహూ రేవు కళకళలాడెను. హాట్‌మెయిలులో జాబులు చేరకపోయెనా? చేరెను. కాని జనమున్నచోటికే జనము పోవును.

ఈ నడుమ స్వదేశపు రేవులును లేకపోలేదు. అజిత్ బాలకృష్ణన్ 1996లో బొంబాయిలో స్థాపించిన రెడిఫ్, మన దేశపు మందగొడి టెలిఫోను తీగెలకు తగినట్లు తేలికైన మెయిలును సమకూర్చెను. ఉద్యోగపు దరఖాస్తులలో రెడిఫ్‌మెయిలు చిరునామా వ్రాయని పట్టభద్రుడు ఆనాడు అరుదు. 2000 జూన్‌లో ఆ సంస్థ వాటాలు అమెరికా నాస్డాక్ విపణికెక్కెను. తెలుగువారు స్థాపించిన సత్యం కంప్యూటర్స్‌నకు బిడ్డయైన సత్యం ఇన్ఫోవే 1998లో ఇంటర్నెట్టు అందించిన మొదటి ప్రైవేటు సంస్థ యయ్యెను; 1999 అక్టోబరులో నాస్డాక్‌నకెక్కిన మొదటి భారతీయ ఇంటర్నెట్టు సంస్థయు నదియే. ఆ సంవత్సరమే ఇండియావరల్డ్ అను సంస్థను 499 కోట్ల రూపాయలకు కొని దేశమును ఆశ్చర్యపరచెను. తరువాత సిఫీ యను పేరు దాల్చెను. గోదావరి మండలపువారి చేతిలోనుండి ఈ రంగము అంత దూరము పోయి తిరిగి వచ్చినదని నేటి యువకులలో ఎందరికి తెలియును?

2004 ఏప్రిలు 1న గూగుల్ సంస్థ జీమెయిలును ప్రకటించెను. పెట్టెలో ఒక గిగాబైటు చోటు ఉచితమనగా, తేదీని చూచి పరిహాసమని తలచినవారు పెక్కురు. ఏలనన అప్పటికి హాట్‌మెయిలు 2 మెగాబైట్లు, యాహూ 4 మెగాబైట్లు మాత్రమే ఇచ్చుచుండెను. పెట్టె నిండెనని పాత జాబులను కన్నీటితో తుడిచివేయుట ఆనాటి వాడుకరుల నిత్యకృత్యము. యాహూ తొందరపడి 100 మెగాబైట్లిచ్చెను. మన రెడిఫ్ ధైర్యముతో తానును ఒక గిగాబైటు నిచ్చెను. జీమెయిలు మాత్రము పిలుపున్నవారికే ద్వారము తెరచెను. పిలుపు సంపాదించుట గొప్పతనమైనది. 2007 ఫిబ్రవరిలో అందరిని రానిచ్చెను. 2009లో తెలుగుతో కలిపి అయిదు భారతీయ భాషలలో, ఇంగ్లీషు అక్షరములు నొక్కినను మన లిపిలో జాబు వ్రాయు సదుపాయము కల్పించెను. 2012 జూన్‌లో తన వాడుకరులు 42 కోట్ల 50 లక్షలనియు, 2018 అక్టోబరులో 150 కోట్లనియు గూగుల్ చెప్పుకొనెను. ఆ నడుమనే, 2013లో, హాట్‌మెయిలు పేరు తొలగి ఔట్‌లుక్‌లో లీనమయ్యెను.

ఈ విజయమంతయు పెద్ద పెట్టెవలన, శోధన సౌకర్యమువలన కలిగినదని చెప్పుట అర్ధసత్యము. తక్కిన సగము ఫోనులో నున్నది. కోనసీమలో కంప్యూటరు ముట్టనివారు వేలకొలది స్మార్టుఫోను కొనిరి; 2016 సెప్టెంబరులో జియో వచ్చిన పిదప ఆ వేలు లక్షలైనవి. ఆండ్రాయిడు ఫోను తెరచిన వెంటనే గూగుల్ ఖాతా అడుగును. అమ్మువాడే ఒక పేరు పెట్టి ఖాతా తెరచి చేతికిచ్చును. కొన్న రైతు తాను జీమెయిలు వాడుకరి నైతినని కూడ ఎరుగడు. ఇది ఎన్నుకొనుటయా? భారత కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌నకు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించెను. ఫోను చేయువారు గూగుల్ సరకులన్నిటిని మూటగట్టి ముందుగనే అమర్చవలెనను నిబంధన అందలి నేరారోపణలలో నొకటి. 2023లో అప్పీలు ట్రిబ్యునలు ఆ జరిమానాను నిలిపెను. వంతెన కట్టినవాడు ఊరి దారులన్నిటిని తన వంతెనవైపే మరల్చినాడన్నమాట.

సంఖ్యల విషయమున పాఠకులు ఒక జాగ్రత్త వహింపవలెను. 2013లో యాహూ ఖాతాల రహస్యములు దొంగిలింపబడెను. ఆ సంస్థ 2016లో నూరు కోట్ల ఖాతాలనెను. 2017లో మొత్తము 300 కోట్ల ఖాతాలును అందులో చేరినవని ఒప్పుకొనెను. ఆనాటి ప్రపంచ జనాభా సుమారు 720 కోట్లు. లోకమున సగమునకు కొంచెము తక్కువమంది యాహూ జాబులు చదువుచుండిరా? లేదు. ఒక్కొక్కనికి రెండు మూడు పెట్టెలు. అందు పెక్కు తెరవని పెట్టెలు. మిగిలినవానిలో మోసగాండ్రు తెరచినవియు గలవు. కొబ్బరితోటలో చెట్లన్నిటిని లెక్కించుట వేరు, కాపు కాయు చెట్లను లెక్కించుట వేరు. ఖాతాల సంఖ్య చూచి మురిసిన యాహూనకు 2008లో మైక్రోసాఫ్టు 4,460 కోట్ల డాలర్లు ఇత్తుననగా ఆ సంస్థ వలదనెను. 2017లో వెరైజన్‌నకు 448 కోట్లకే అమ్ముడుపోయెను.

ఇప్పుడు అసలు సంగతికి వత్తము. ఈమెయిలు నేడు జాబు కాదు. కుశలప్రశ్నలన్నియు వాట్సాప్‌నకు తరలినవి. అంబాజీపేట కొబ్బరి ధరయు, రావులపాలెము అరటి గెలల ధరయు అందులోనే తిరుగుచున్నవి. ఈమెయిలునకు మిగిలినది ఒక్క పని, గుర్తింపు. ఏ దస్తావేజు పొందవలయునన్నను, మరచిన పాస్‌వర్డు మార్చుకొనవలయునన్నను ఆ పెట్టెకే పోవలెను. జాబుల పెట్టె తాళపుచెవుల పెట్టె యైనది. ఆ తాళపుచెవుల పెట్టె తాళము మనవారిలో పెక్కురి చేతిలో లేదు.

గల్ఫునకు పోవు పనివారి సంగతి చూడుడు. పాస్‌పోర్టు దరఖాస్తునకు ఈమెయిలు కావలెను. నెట్ సెంటరువాడు ఒక చిరునామా సృష్టించి, తన ఫోను నంబరు వ్రాసి, తనకు గుర్తుండు పాస్‌వర్డు పెట్టి పని ముగించును. అందు దురుద్దేశ ముండకపోవచ్చును. కాని రెండేండ్ల తరువాత పాస్‌పోర్టు పోయినపుడు, జీతము రానపుడు, ఆ స్త్రీ తన పెట్టెను తాను తెరవలేదు. సెంటరు మూతబడియుండును, నంబరు మారియుండును. తన పేరుమీదనే యున్న ఇంటికి తాను పరాయిది. పైగా రెండు సంవత్సరములు తెరవని ఖాతాలను తొలగింతుమని గూగుల్ 2023 మే నెలలో ప్రకటించి, ఆ డిసెంబరునుండి ఆచరణలో పెట్టెను. మైక్రోసాఫ్టునకును అట్టి నియమమే గలదు. యాహూ ఒక్క సంవత్సరమే గడువిచ్చుచున్నది. పాత యాహూ పెట్టెలో దాచిన తండ్రి చివరి జాబు, బిడ్డ తొలి ఛాయాచిత్రము చెప్పకయే మాయమగును. మోజు మారినపుడు మనము రేవును విడిచితిమి. సామాను రేవులోనే మరచితిమి.

ఇక స్వదేశీ ప్రశ్న. ఇది పాతకాలపు నినాదమని నవ్వువారికి 2025 జూలై సంగతి వినిపింపవలెను. గుజరాతునందలి వాడినారులో పెద్ద నూనెశుద్ధి కర్మాగారముగల నయారా ఎనర్జీపై ఐరోపా సమాఖ్య ఆంక్షలు విధింపగా, మైక్రోసాఫ్టు ఆ సంస్థ ఈమెయిలును నిలిపివేసెను. మన గడ్డమీదనున్న కర్మాగారము, మన చట్టమును మీరని సంస్థ, తన జాబులను తాను చూచుకొనలేక ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కెను. కొలదిరోజులలో సేవలు తిరిగి వచ్చెను. ఆ ఆపదలో ఆ సంస్థ ఆశ్రయించినది, మనమందరము మరచిన రెడిఫ్‌ను. మరియు కేంద్ర ప్రభుత్వము సుమారు 12 లక్షల ఉద్యోగుల పెట్టెలను, తమిళనాట తెన్‌కాశి పల్లెలో కార్యాలయము పెట్టిన జోహో సంస్థ యంత్రములకు మార్చినది. జోహో 1996లో అడ్వెంట్‌నెట్ అను పేర వెలసి, 2008లో మెయిలు ఆరంభించిన సంస్థ.

ఇందు మనము గ్రహింపవలసిన మర్మ మొకటి గలదు. ప్రభుత్వోద్యోగుల పెట్టెలు జోహోకు మారినను వారి చిరునామాలు మారలేదు. అవి ప్రభుత్వము సొంత పేర్లతోడనే నడచుచున్నవి. ఇల్లు తనది, కాపలావానిని మార్చినారు. మనము మాత్రము సత్రములో కాపురముండి, సత్రము పేరునే మన ఇంటిపేరుగ వ్రాసికొనుచున్నాము. 2011 జనవరినుండి మన దేశమున ఫోను కంపెనీని మార్చినను నంబరు మారదు. ప్రభుత్వము పట్టుబట్టి సాధించిన హక్కది. ఈమెయిలు చిరునామాకు అట్టి హక్కు లేదు. అందుచేతనే మెయిలు నచ్చకున్నను జనము కదలలేకున్నారు. అంబాజీపేట వర్తకులు, ఆత్రేయపురము పూతరేకుల వ్యాపారులు, సహకార సంఘములు సొంత పేరుతో ఒక చిరునామాను ఏటికి కొన్నివందల రూపాయలకు పొందవచ్చును. తరువాత పెట్టెను జోహోయందుంచినను, గూగుల్‌నందుంచినను, రెడిఫ్‌నందుంచినను పేరు తమదే.

స్వదేశి యన్నంతమాత్రమున గుణము వచ్చునని మేము చెప్పుట లేదు. ముతక నూలును దేశభక్తితో కొన్ని దినములు కట్టుకొందుము. నేతగాడు సన్నని నేత నేర్చుకొననిచో ఆ భక్తి నిలువదు. రెడిఫ్ చేతిలో ఒకనాడు దేశమంతయునుండెను, అది నిలుపుకొనలేకపోయెను. 2024లో ఆ సంస్థలో అధికభాగము ఇన్ఫీబీమ్ అవెన్యూస్‌నకు చేరినది. జాబు గోప్యత విషయమున స్వదేశ విదేశ భేదము లేదు. గూగుల్ 2017వరకు ప్రకటనలకొరకు జాబులలోని మాటలను యంత్రములచేత చదివించెను. యాహూ ఇచ్చిన వివరముల మూలమున చీనా పాత్రికేయుడు షీ తావ్ 2005లో పదేండ్ల కారాగారము పొందెను. మన తాతల కాలమున 1898వ సంవత్సరపు పోస్టాఫీసు చట్టముక్రింద జాబులు విప్పి చూచుటను ఈ దేశమెరుగును. 2023లో వచ్చిన క్రొత్త చట్టమునందును టపాను అడ్డగించు అధికారము నిలిచియున్నది. కావున పెట్టె ఎవరిదైనను, విప్పుటకు న్యాయమైన హద్దు ఉండవలెనని అడుగుట పౌరుని విధి.

దారియే మూసినపుడు ఏ పెట్టెయు అక్కరకు రాదని కోనసీమ స్వానుభవమున నెరుగును. 2022 మే 24న జిల్లా పేరు విషయమై అమలాపురమున దౌర్జన్యము చెలరేగినపుడు దాదాపు రెండు వారములు ఇంటర్నెట్టును నిలిపివేసిరి. ఇంటినుండి నగరపు కొలువు చేయుచుండిన యువకులు కంప్యూటర్లు చంకబెట్టి యానామునకును, ఇతర ఊళ్లకును పోయిరి. మరల ఏరు దాటినవానికే జాబు. ఆ దినములలో జీమెయిలు గొప్పదా, జోహో గొప్పదా యని ఎవరును అడుగలేదు. దౌర్జన్యము చేసినవారు కొందరు. దారి పోగొట్టుకొన్నవారు అందరు.

కావున మా సూచనలు స్వల్పమే. ప్రతి గృహస్థుడును ఈ వారములోనే తన పాత పెట్టెలను తెరచి, కావలసిన జాబులను దింపి దాచుకొనవలెను. ఖాతాకు జతపడిన ఫోను నంబరు తనదో కాదో చూడవలెను. పాస్‌వర్డును రెండవ గుర్తింపుతో బలపరచుకొనవలెను. ఉన్నత పాఠశాలలయందును, గ్రామ సచివాలయములయందును గల్ఫునకు పోవు స్త్రీలకు తమ పెట్టెను తామే తెరచి మూయుట నేర్పవలెను. అరగంట పని, ఆయుష్షునకు అక్కర. తెలుగు లిపిలోనే చిరునామా వ్రాయు సౌకర్యము పుట్టియున్నది. దానిని ఆదరించువారు కావలెను. చిరునామాను వెంట తీసికొనిపోవు హక్కును ఫోను నంబరు వలెనే చట్టముచేత సాధింపవలెను.

రేపు జీమెయిలు రేవును చిన్నబోవచ్చును. హాట్‌మెయిలు ఏలిన దినములలో అది పోవునని ఎవరును తలపలేదు. ఏ పడవ వచ్చినను ఎక్కుదము. కాని మూటను మాత్రము పడవవాని చేతికి విడువక మన ఒడిలోనే పెట్టుకొని దాటుదము.